మంత్రి గారూ, ఈ జూన్‌లోనైనా నన్ను గడ్డిలోకి వెళ్లనివ్వండి

గౌరవనీయులైన అటవీ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ఇది మీకు నేను రాస్తున్న నాలుగో ఉత్తరం. మొదటి మూడింటికీ రసీదులు ఉన్నాయి, జవాబులు లేవు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను. నేను గడ్డి మైదానం మీద పరిశోధన చేసే అభయారణ్యం పేరు, ఆఫీసు పేరు ఇక్కడ రాయడం లేదు. అక్కడి వాచర్లు, బీట్ ఆఫీసర్లు నాకు అన్నం పెట్టినవాళ్లు, వాళ్లకు మాట రాకూడదు. ఫైలు ఎక్కడుందో మీరు ఒక్క ఫోన్ చేస్తే తెలిసిపోతుంది.

అభయారణ్యంలోకి వెళ్లి పరిశోధన చేసుకోవడానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 28 కింద ఇచ్చే అనుమతి రెన్యువల్‌కి అప్లికేషన్ పెట్టి రెండేళ్లు దాటింది. మొదట మ్యాప్ లేదన్నారు, ఇచ్చాను. మ్యాప్‌లో కంపార్ట్‌మెంట్ నంబర్లు లేవన్నారు, వేసి ఇచ్చాను. ఇంతలో ఆ సీటులో ఉన్నాయన బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చినాయన ఫైలు కనబడటం లేదు, ఇంకో సెట్ ఇవ్వమన్నారు. అదీ ఇచ్చాను. కిందివాళ్లు పైకి పంపామంటారు, పైవాళ్లు కింది నుంచి రిపోర్టు రాలేదంటారు. ఒకరోజు పొద్దున తొమ్మిదిన్నర నుంచి వరండాలో బెంచీ మీద కూర్చుంటే, సాయంత్రం ఐదింటికి అటెండరు జాలిపడి "మేడమ్, సార్ క్యాంపుకెళ్లారు, ఇవాళ రారు" అని చెప్పాడు. ఆ కాగితం లేకపోతే ఫెలోషిప్ కూడా రాదు. 14 నెలలుగా మా ఇంటి అద్దె నాన్న పెన్షన్‌లోంచి వెళ్తోంది. 36 ఏళ్లొచ్చాక నాన్న దగ్గర చెయ్యి చాచడం ఎలా ఉంటుందో మీకూ పిల్లలున్నారు, ఊహించగలరు.

డబ్బుకు ఎలాగో తిప్పలు పడతాను. పోయిన రెండు వానాకాలాలను మాత్రం ఎక్కడి నుంచీ తెచ్చుకోలేను.

గడ్డి మైదానంలో 40 చోట్ల హద్దు రాళ్లు పాతుకున్నాను. ఒక్కో చదరం మీటరు పొడవు, మీటరు వెడల్పు. సగం కంచె లోపల, సగం బయట. తొలకరి నుంచి అక్టోబరు దాకా పదిహేను రోజులకోసారి ఒక్కో చదరం పక్కన గొంతుక్కూర్చుని, ఏ మొక్క ఎన్ని ఉన్నాయో లెక్క రాసుకోవాలి. అంతకు ముందు 9 ఏళ్లు ఒక్క వానాకాలం కూడా వదల్లేదు. మగ కృష్ణజింకలు ఒకే చోట పదేపదే పెంటికలు వేస్తాయి. 2019లో అలాంటి కుప్ప ఒకటి విప్పి చూస్తే అందులో 23 మొలకలు, గడ్డిని మింగేసే సర్కారు తుమ్మవి, అగ్గిపుల్లంత ఎత్తున, లేత ఆకులతో. ఎండాకాలం పచ్చిక లేక జింక ఆ తియ్యటి కాయలు తింటుంది. గింజ అరగకుండా బయటపడి వానకు మొలుస్తుంది. మొదటి ఏడాది దాన్ని రెండు వేళ్లతో పీకెయ్యొచ్చు. మూడో ఏటికి గడ్డపార కావాలి, ఆ తర్వాత జేసీబీయే. ఏటా నేను మ్యాప్ గీసిస్తే మా వాచర్ పెద్దాయన కూలీలను పెట్టి పీకించేవారు. రెండేళ్లుగా ఎవరూ చూడలేదు. నాకు దీని గురించే టెన్షన్.

రోళ్లపాడు సంగతి మీకు తెలియంది కాదు. బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో అక్కడ 614 హెక్టార్లను అభయారణ్యం చేశారు. కంచె వేసి మేపు ఆపితే గడ్డి లేచింది, జింకలు పెరిగాయి. చుట్టుపక్కలకు కాలవ నీళ్లొచ్చి, ఆ పిట్ట తిరిగే జొన్న, కొర్ర చేలు తగ్గిపోయాయి. పెరిగిన జింకలు చేల మీద పడుతున్నాయని రైతులు మొత్తుకున్నారు, వాళ్ల బాధా నిజమే. నేల మీద ఒక్క గుడ్డు పెట్టుకునే ఆ పిట్ట ఇప్పుడక్కడ కనబడటం లేదు. ఇదంతా ఇవాళ మనం చెప్పుకోగలుగుతున్నామంటే, 1980ల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు అక్కడ మకాం వేసి ఏళ్ల తరబడి చూశారు కాబట్టే. వాళ్లను కూడా వరండాలో కూర్చోబెట్టి ఉంటే మన దగ్గర ఏం మిగిలేది?

నేను పోస్టు అడగడం లేదు, జీపు అడగడం లేదు. ఆ కాగితం ఇప్పించండి. ఇవ్వకూడదనుకుంటే ఆ మాటైనా రాసిమ్మనండి, వేరే దారి చూసుకుంటాను. దయచేసి ఏదో ఒకటి తేల్చమనండి. తొలకరికి ఇంకా ఐదు వారాలే ఉంది. మొన్న పెద్దాయన ఫోన్ చేసి, "అమ్మా, మీ రాళ్ల మీద రంగు పోయింది, మళ్లీ వేయించాను, ఎప్పుడొస్తారు?" అని అడిగారు. ఏం చెప్పాలో తెలియక, వచ్చే నెలలో వస్తానన్నాను.

ఇట్లు,
మీ జవాబు కోసం చూస్తున్న ఒక పరిశోధకురాలు