చూరు కింద గ్లాసులు

సంపాదకులకు నమస్కారం.

అమెరికా పెళ్లి కేకు కేసు మీద మీరు వేసిన వ్యాసం చదివాను. 2012లో కొలరాడో రాష్ట్రం లేక్‌వుడ్‌లో ఇద్దరు మగవాళ్లు తమ పెళ్లికి కేకు అడిగితే, నా మతం ఒప్పుకోదని బేకరీ ఆయన కాదన్నాడు. 2018లో సుప్రీంకోర్టు 7-2తో ఆయన వైపే చెప్పింది. దీంతో మత విశ్వాసానిదే గెలుపు అని మీ వ్యాసకర్త తేల్చేశారు. కోర్టు అంత మాట అనలేదు. విచారించిన రాష్ట్ర పౌరహక్కుల కమిషన్ ఆయన మతాన్ని చులకన చేసిందని తప్పుపట్టి, మతం పేరు చెప్పి కొనేవాళ్లను కాదనొచ్చా అనే అసలు ప్రశ్నను పక్కన పెట్టింది.

నేను నరసరావుపేటలో ముప్ఫై ఏళ్లుగా శుభలేఖలు, పాంప్లెట్లు అచ్చేస్తున్నాను. వ్యాసం చదువుతుంటే నాకు మా పెదనాన్న టీ హోటల్ గుర్తొచ్చింది.

1978 వేసవి సెలవులు, నాకు పదేళ్లు. బస్సు ఆగే చోట తాటాకుల పాక. లోపల బల్లల మీద గాజు గ్లాసులు, బయట చూరులో దోపిన రెండు సత్తు గ్లాసులు. దళితవాడ వాళ్లొస్తే ఆ గ్లాసు వాళ్లే తీసుకుని, కడుక్కుని, నేల మీద పెట్టి పక్కకు జరగాలి. నేను పైనుంచి టీ పోయాలి. డబ్బులు అరుగు మీద పెడితే పెదనాన్న నీళ్లు చల్లి తీసుకునేవాడు. ఒకరోజు మా క్లాసు పిల్లాడి నాన్న వచ్చాడు. నా చెయ్యి వణికి కాస్త టీ ఆయన పాదం మీద ఒలికింది. "పర్లేదు బాబూ" అన్నాడు, కాలు కూడా తీయకుండా. బళ్లు తెరిచాక నేను వాడి పక్కన కూర్చోలేక బెంచీ మార్చుకున్నాను.

పెదనాన్న దుర్మార్గుడేం కాదు. శ్రీరామనవమికి దారినపోయే అందరికీ పానకం పోసేవాడు, అందులోనూ గ్లాసులు వేరే అనుకోండి. అడిగితే "దేవుడి పటం పెట్టుకున్న కొట్టురా, ఆచారం తప్పకూడదు" అనేవాడు. 1955 అంటరానితనం నేరాల చట్టం ప్రకారం అప్పటికే అది నేరం. రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్లు అని పేరుపెట్టి మరీ రాశారు. దుకాణం అంటే లోపలికి రానివ్వడం ఒక్కటే కాదు, అక్కడ దొరికే సేవ అందాలి అని 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ వివరించారు.

పెదనాన్న మాటే అమెరికాలోనూ ఒకాయన అన్నాడు. దక్షిణ కరోలినాలో పిగ్గీ పార్క్ హోటళ్ల యజమాని. ఆయన హోటళ్లలో కొన్నిచోట్ల నల్లజాతివారు వంటింటి కిటికీ దగ్గర కొనుక్కుని వెళ్లిపోవాలి, అక్కడ కూర్చుని తినకూడదు. అందరినీ కలపడం నా మతానికి విరుద్ధమన్నాడు. 1968లో సుప్రీంకోర్టు ఆ వాదనను పసలేనిదని తీసిపారేసింది.

నేనూ పని కాదంటాను. ఒకసారి వేరే మతం వాళ్లని తిడుతూ రాసిన పాంప్లెట్ వచ్చింది. తెచ్చినవాడు మా వీధివాడే, నా మతం వాడే. వేయనన్నాను, ఎవరు తెచ్చినా వేయను. బెల్‌ఫాస్ట్ బేకరీ కేసులో 2018లో బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పింది ఇలాంటిదే. కేకు మీద రాయమన్న, స్వలింగ పెళ్లిళ్లను సమర్థించే నినాదాన్ని బేకరీవాళ్లు కాదన్నారు తప్ప మనిషిని కాదు అని.

2023లో అమెరికా సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్లి, పెళ్లి వెబ్‌సైటు తయారుచేసే ఒకామెకు అది ఆమె సొంత మాటతో సమానమని, స్వలింగ పెళ్లిళ్లకు చేయనంటే బలవంతపెట్టకూడదని అంది. ఇది నాకు మింగుడుపడలేదు. ముప్ఫై ఏళ్లుగా "మా జ్యేష్ఠ పుత్రుడు", "మా ద్వితీయ పుత్రిక" అని అచ్చేస్తున్నాను. అవి నా మాటలే అయితే ఈపాటికి నాకు వేలమంది సంతానం ఉండాలి. మా ఆఫ్‌సెట్ మిషన్‌కి దసరాకి పసుపు కుంకుమ పెడతాం, మర్నాడు దాని మీదే సువార్త సభల పోస్టర్లు దిగుతాయి.

ఇద్దరు మగవాళ్ల శుభలేఖ ఇంతవరకు నా దగ్గరికి రాలేదు. వస్తే నేను ముట్టుకోనని మా మిషన్ కుర్రాడు ఇప్పుడే చెప్పేశాడు. వాడికి భక్తి ఎక్కువ. "ఆ పూట సెలవు పెట్టుకో, నేను వేస్తా" అన్నాను.

ఇట్లు,
ఒక ప్రింటింగ్ ప్రెస్ యజమాని, నరసరావుపేట