సంక్రాంతికి సెబ్రైట్ పిల్లలు ఇవ్వడం లేదు

సంక్రాంతికి సెబ్రైట్ కోడిపిల్లలు ఇస్తామని చెప్పి మీలో చాలామంది దగ్గర అడ్వాన్సు తీసుకున్నాం. ఇప్పుడు ఇవ్వడం లేదు. పిల్లలు దిగక కాదు, తెగులొచ్చి పోయాయనీ కాదు. షెడ్డులో నాటుకోడి పెట్టల వెంట ఆరోగ్యంగా తిరుగుతున్నాయి. అయినా ఇవ్వను. కారణం మీకు నేనే చెప్పాలి.

సెబ్రైట్ అంటే ఇంగ్లండులో సర్ జాన్ సెబ్రైట్ అనే ఆయన 1800ల మొదట్లో తయారుచేసిన బాంటమ్, అంటే పొట్టి కోడి జాతి. పుంజు బరువే 600 గ్రాముల చిల్లర. ఒంటి మీద ప్రతి ఈక అంచుకీ కాటుక దిద్దినట్టు నల్లగీత ఉంటుంది. అందరూ ఆ గీత చూసే మురిసిపోతారు. జాతి నిలబడేది మాత్రం పుంజు ఈక ఆకారం మీద. మామూలు పుంజుకు తోకలో వంగిన పొడవాటి ఈకలు, మెడ మీదా నడుం మీదా కొన తేలిన ఈకలు వస్తాయి. సెబ్రైట్ పుంజుకు అవి రాకూడదు. ఒళ్లంతా పెట్ట ఈకలే, గుండ్రంగా ఉండాలి.

పెట్టల్ని బెంగళూరు వైపు ఈ జాతినే పట్టుకుని పెంచుతున్న ఒక పెద్దాయన దగ్గర తెచ్చాను. వాటికి వంక లేదు. అప్పుడు ఆయన దగ్గర ఇవ్వడానికి పుంజు లేకపోయింది. అందుకని పుంజును మరో అమ్మకందారు దగ్గర కొన్నాను. పెద్ద ఈకలు ఇంకా రాని వయసు. తండ్రి ఫోటో పంపమంటే పంపాడు. తోక చూశాను, ఈకలు చూశాను, ఎక్కడా లోపం లేదు. అడిగినంత ఇచ్చాను, ఒక్క రూపాయి బేరమాడలేదు.

పుంజు ఎదిగింది. పెట్టలు గుడ్లకొచ్చాయి, మొదటి గుడ్లు పొదుగుకు పెట్టాం. ఈలోపు పుంజు తోకలో రెండు ఈకలు మిగతావాటిని దాటుకుని వంపు తిరగడం మొదలైంది. నడుం మీది ఈక ఒకటి లాగి తెల్లకాగితం మీద పెట్టి చూశాను. కొన సూదిగా ఉంది. అంచు వెంట నీటుగా రావాల్సిన నల్లగీత కొన దగ్గర చెదిరిపోయింది. ఆ రాత్రే ఫోన్లో నెట్ వెతుకుతుంటే అతను పంపిన తండ్రి ఫోటో కనిపించింది. ఎక్కడో విదేశంలో పక్షుల ప్రదర్శనలో తీసిన ఫోటో అది.

ఫోన్ చేస్తే అతను చెప్పింది వినండి. పెట్ట ఈకల పుంజులతో గుడ్లు సరిగా కట్టవట, అంటే పొదిగినా పిల్ల పడదట, అందుకే తెలిసినవాళ్లు ఇలాంటి పుంజునే వాడతారట. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. ఇంగ్లండులో కొందరు పాతకాపులు గుడ్లు కట్టడం కోసం ఇలాంటి పుంజును గుంపులో ఉంచుకునేవారు. వాళ్లకు ఏ పిల్ల ఏ గూటిదో లెక్క ఉండేది. ఇతను నాకు ముందే ఆ మాట చెప్పి అమ్మితే గొడవే లేదు. వేరేవాళ్ల పుంజు ఫోటో చూపించి అమ్మినవాడు ఇప్పుడు నాకు పెంపకం పాఠం చెబుతుంటే ఒళ్లు మండింది. డబ్బు వెనక్కి ఇవ్వలేదు. ఇక అడగను కూడా.

ఆ తర్వాత నిద్ర పట్టనిది పిల్లల గురించే. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి, అమ్మితే ఇవాళ ఎవరూ గుర్తుపట్టలేరు. తోటి పెంపకందార్లు కూడా ఇచ్చెయ్యమనే అన్నారు. పోనీ పెట్టపిల్లల వరకైనా ఇద్దామా అని నేనూ ఆలోచించాను. కానీ చిక్కంతా అక్కడే ఉంది. ఆ పుంజుకు పుట్టిన ఏ పిల్లైనా తండ్రి గుణం మోస్తూ ఉండొచ్చు. పెట్టలో అది బయటికి కనిపించదు, పెట్టకు ఎలాగూ పెట్ట ఈకలే కదా! మీరు దాన్ని పెంచి, మంచి పుంజుతో జత కట్టి, పిల్లలు తీసుకుంటూ పోతే ఏదో ఒక తరంలో వంకర తోకలు బయటపడొచ్చు. అప్పుడు మీరు అనేది మా పేరే. సగం ధరకు క్రాస్ అని చెప్పే ఇవ్వమని కొందరు అడుగుతున్నారు. అలాగైనా ఇవ్వను. నా దగ్గర క్రాస్ అని వెళ్లింది మూడో చేతికి సెబ్రైట్ అయిపోతుంది. అవి ఇక్కడే ఉంటాయి, ఇంటికి గుడ్లు పెడతాయి.

బెంగళూరు పెద్దాయన జనవరిలో పుంజును ఇస్తానన్నారు. ఈసారి దాని తండ్రిని నేనే వెళ్లి చూసొచ్చాను. వచ్చాక నెల రోజులు విడిగా ఉంచుతాం. పాత పుంజును ఇప్పటికే వేరు చేశాం. పెట్ట కడుపులో పాత పుంజు ప్రభావం రెండు మూడు వారాలు ఉంటుంది కాబట్టి అప్పటిదాకా వచ్చే గుడ్లు వంటింటికే. మార్చిలో పిల్లలు దిగినా ఎండల్లో బస్సెక్కించను. వానలు పడ్డాకే పంపుతాను.

పిల్ల దిగిన మొదటిరోజు మారెక్స్ అనే వైరస్ జబ్బుకు టీకా, వారం వయసులో కొక్కెర తెగులుకు లాసోటా టీకా చుక్కలు ఎప్పటిలాగే. సెబ్రైట్‌కు మారెక్స్ గండం ఎక్కువ. వెయ్యి డోసుల సీసా తెరిచి పాతిక పిల్లలకు వేసి మిగతాది పారబోయాల్సి వచ్చినా ఆ టీకా మానను. షెడ్డులోకి మాత్రం ఎవర్నీ రానివ్వడం లేదు. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు పెట్టిన నియమం అది, దయచేసి గేటు దగ్గర పట్టుబట్టకండి.

అడ్వాన్సు వెనక్కి కావాలంటే బుక్ చేసిన నంబరు నుంచే మెసేజ్ పెట్టండి, మొత్తం వేస్తాను. ఆగుతామంటే ఏమీ చెయ్యక్కర్లేదు, మీ వరస అలాగే ఉంటుంది, ధర కూడా పెంచను.