హోటల్ ఇంకో పది రోజులు ఆలస్యం: జరిగింది ఇదీ

శుక్రవారం తెరుస్తామని బోర్డు పెట్టి తెరవలేదు. పొద్దున్నే కాఫీకి వచ్చి, షట్టర్ చూసి వెనక్కి వెళ్లిన వాళ్లందరూ క్షమించాలి.

పన్నెండేళ్లుగా మూల బల్ల దగ్గర పెసరట్టు తినే మాస్టారికి నిరుడు పక్షవాతం వచ్చింది. మన మూడు మెట్లు ఎక్కించలేక, వాళ్లబ్బాయి ప్లేటు ఆటోలోకే తీసుకెళ్లేవాడు. అది చూశాకే ర్యాంప్ పని మొదలుపెట్టాను.

మెట్ల ఎత్తు 18 అంగుళాలు. 2021లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 1 అంగుళం ఎత్తుకి 12 అంగుళాల పొడవుండాలి. అంటే 18 అడుగులు. కాగితం మీద రాసి మరీ కాంట్రాక్టరు చేతిలో పెట్టాను. ఆయన 6 అడుగుల్లో తేల్చేసి, పైన నున్నటి గ్రానైట్ పరిచాడు. అడిగితే, "అందరూ ఇలాగే పెడతారండీ. అయినా వీల్‌చైర్‌లో మీ హోటల్‌కి ఎవరొస్తారు?" అన్నాడు. ఆ మాట నాకింకా మింగుడుపడలేదు. ఎవరొస్తారో, ఆయన అల్లం చట్నీ ఎన్నిసార్లు వేయించుకుంటారో కూడా నాకు తెలుసు.

వీల్‌చైర్ అద్దెకు తెచ్చి నేనే కూర్చున్నాను. చక్రాలు తోసుకుంటూ సగం ఎక్కేసరికి ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. వెనక పట్టుకున్న కుర్రాడి చెప్పు గ్రానైట్ మీద జారింది. ఆ సాయంత్రమే మొత్తం పగలగొట్టించాను.

బయట మురుగు కాలువ ఉంది, 18 అడుగులు పట్టదు. అరుగు కోసి లోపలికి తేవాలంటే 4 బల్లలు, 16 మంది కూర్చునే చోటు పోతుంది. ఆదివారం రద్దీలో మిగిలేదే ఆ బల్లల మీదని మా ఆవిడ లెక్క వేసి చూపించింది. వారం రోజులు నిద్ర లేదు. ఎవరైనా వచ్చినప్పుడు ఇనప రేకు వేద్దామా అని కూడా అనుకున్నాను. కానీ ప్రతిసారీ ఒకరిని పిలిచి, రేకు వేయించుకుని, అందరూ చూస్తుండగా ఎక్కాలి. మాస్టారు అలా రారు. నేనైనా రాను. బల్లలు తీసేశాను.

ఇప్పుడు 9 అడుగులు ఎక్కాక మలుపులో 5 అడుగుల చదును, అక్కణ్ణుంచి ఇంకో 9 అడుగులు. గరుకు తాండూరు బండ, రెండు వైపులా పట్టుకునే కమ్మీలు. బాత్రూమ్ తలుపు 3 అడుగులు చేయించి, బయటికి తెరుచుకునేలా పెట్టించాను. డబ్బు తగ్గిస్తానని పాత కాంట్రాక్టరు కబురు పెట్టాడు. ఆయన చేత ఇంకో ఇటుక కూడా పెట్టించను.

రేట్లు పెంచట్లేదు. హోటల్ తెరిచేవరకూ వెనక సందులో పొద్దున 6:30 నుంచి 10:30 దాకా పార్సిళ్లు ఇస్తాం. తెరిచాక ఆదివారాలు కాసేపు ఆగాల్సి వస్తుంది. నీడ పట్టున రెండు బెంచీలు వేయిస్తున్నాను.