దుందుభి వాగు ఒడ్డు కోతపై జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన నాగర్‌కర్నూల్ జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

వాగు మలుపు తిరిగే చోట బయటి ఒడ్డున నీటి వేగం పెరిగి మట్టి కోసుకుపోవడం, లోపలి ఒడ్డున వేగం తగ్గి ఇసుక మేట వేయడం సహజమే. నల్లమలలో కృష్ణమ్మ గట్టి రాతినే కోసి లోతైన లోయలో పారుతున్నది. ఇసుక తోడిన చోట జరిగేది మాత్రం వేరు. అక్కడ వాగు అడుగు కుంగి, ఆ గుంత అంచు నుంచి దూకే నీరు ఎగువకు కోసుకుంటూ పోతుంది కనుక, దూరంగా ఉన్న వంతెన పునాదులు సైతం బయటపడతాయి, ఒడ్డు బావులు అడుగంటుతాయి. కోసుకుపోయిన ఒడ్డును దగ్గరగా చూస్తే పైన గట్టి ఒండ్రు, కింద వదులు ఇసుక పొర కనిపిస్తాయి. వరద ఆ ఇసుకను తొలిచేయగానే పైమట్టి నెర్రెలిచ్చి, కానుగ చెట్ల వేళ్లతో సహా పెళ్లలుగా విరిగిపడుతుంది. అలా పోయిన పట్టా భూమి రైతుకు మళ్లీ దక్కదు.

ఇసుక తవ్వకాలను నియంత్రించడానికి 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) ఉన్నది. వానకాలానికి ముందే దుందుభి అడుగు మట్టాన్ని కొలిపించి, మలుపుల వద్ద, వంతెనల వద్ద తవ్వకాలను పూర్తిగా ఆపించాలని కోరుతున్నాను. ఒక్కచోట రాతికట్టు కట్టి వదిలేస్తే కోత దాని దిగువకు మారుతుంది కాబట్టి, మలుపు మొత్తాన్ని పరిశీలించాకే పనులు మంజూరు చేయవలసిందిగా ప్రార్థన.

భవదీయుడు,
దుందుభి ఒడ్డు రైతు