రవాణా శాఖ కమిషనర్ గారికి ఒక పాత కారు యజమాని విన్నపం

అయ్యా,

బెంగళూరు మారతహళ్లిలో స్థిరపడిన తెలుగువాణ్ణి. మా మారుతి 800 రిజిస్ట్రేషన్ 2005 అక్టోబరులో జరిగింది. 2020లో పునరుద్ధరణ రుసుము 600 రూపాయలు. 2025 ఆగస్టు సవరణతో, 20 ఏళ్లు దాటిన కారుకు అది 10,000 అయింది. ఆ సవరణ కేంద్రానిది. దానికి మిమ్మల్ని నిందించను.

నా గోడు వేరు. పునరుద్ధరణ కోసం తనిఖీకి వెళ్తే మొదటిరోజు బీమా, కాలుష్య ధ్రువపత్రం చాలన్నారు. రెండోరోజు అధిక భద్రతా నంబరు పలక ఏదన్నారు. 2019 ఏప్రిల్‌కు ముందు వాహనాలకూ అది తప్పనిసరే, ఒప్పుకుంటాను. ఆ మాట మొదటిరోజే చెప్పవచ్చు కదా? మూడోసారి "బండి బాగాలేదు" అన్నారు. ఎక్కడ బాగాలేదో చెప్పలేదు. పెట్రోలులో కలుస్తున్న 20 శాతం ఇథనాల్ పాత గొట్టాలను పాడుచేసిందేమోనన్న భయంతో జె.సి. రోడ్డులో ఇంధన గొట్టాలన్నీ కొత్తవి కొని వేయించాను. (కారు కంటే గొట్టాలే ముద్దొస్తున్నాయని మా ఆవిడ వెక్కిరింత.)

ఇంతలో గడువు దాటింది. నెలకు 500 చొప్పున ఆలస్య రుసుము పెరుగుతోంది. కావలసిన పత్రాల జాబితా గుమ్మం దగ్గరే రాయించండి. తనిఖీలో తప్పిన బండికి కారణం కాగితం మీద ఇప్పించండి. లోపం ఏమిటో తెలిస్తే ఈ వారమే బాగుచేయించి తెస్తాను.

భవదీయుడు,
మారతహళ్లి వాసి