వార్షిక నివేదిక: తప్పు సమాధానం దగ్గర ఆగి చూసిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం. మన టీచర్ల సంఘం కార్యదర్శిగా ఈ ఏడాది మనం ఏం చేశామో రాస్తున్నాను, కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి. ఈసారి కార్యక్రమాల లిస్టు పెద్దగా ఉండదు, ఎందుకంటే ఏడాదంతా దాదాపు ఒకే పని పెట్టుకున్నాం. నెలకోసారి కూర్చుని, పిల్లలు లెక్కల్లో రాసిన తప్పు సమాధానాలు ముందేసుకుని, ఈ పిల్లాడు ఏమనుకుని ఇలా రాసుంటాడు, అది కనిపెట్టాలంటే టీచరుకి ఏం తెలిసుండాలి అని మాట్లాడుకున్నాం, అంతే.

ఇదెలా మొదలైందో గుర్తుందిగా. పోయిన సర్వసభ్య సమావేశంలో ఒక అమ్మ లేచి, మా పాప లెక్కల టీచర్ బాగా చదువుకున్నావిడే, పెద్ద డిగ్రీ ఉంది, అయినా పాపకి భిన్నాలు ఎందుకెక్కట్లేదు అని అడిగారు. ఒకరు సిలబస్ అన్నారు, ఒకరు ఫోన్లు అన్నారు, ఒకరు పాప శ్రద్ధ అన్నారు. ఆవిడ అడిగిందానికి జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు, నేను కూడా చెప్పలేకపోయాను. ఆ ప్రశ్నే ఈ ఏడాది పని అయింది.

మొదటి మీటింగుకి ఒక సభ్యుడు తన క్లాసు నోట్‌బుక్‌లోంచి పేజీ ఒకటి పట్టుకొచ్చారు, పేరు కనపడకుండా మడిచి. 307 లోంచి 168 తీస్తే 261 అని రాశాడు పిల్లాడు. మనలో చాలామంది వెంటనే అన్న మాట, అప్పు తెచ్చుకోవడం మర్చిపోయాడు అని. కానీ నిదానంగా చూస్తే వాడు ఏదీ మర్చిపోలేదు. 8 లోంచి 7 తీశాడు 1, 6 లోంచి 0 తీశాడు 6, 3 లోంచి 1 తీశాడు 2. ప్రతి నిలువులోనూ పెద్దదాంట్లోంచి చిన్నది తీసేశాడు, వాడికంటూ ఒక రూలు ఉంది, ఆ రూలు ప్రకారం లెక్క అంతా కరెక్టే. ఆ రూలు ఎక్కణ్ణించి వచ్చిందంటే, చిన్నదాంట్లోంచి పెద్దది తియ్యలేం అని చిన్న క్లాసులో మనమే చెప్తాం కదా, అక్కణ్ణించే వచ్చుంటుంది. ఇలాంటి పిల్లాడికి అప్పు తెచ్చుకో, అప్పు తెచ్చుకో అని పదిసార్లు చెప్పినా లాభం లేదు, మధ్యలో సున్నా ఉంది, అక్కడ అప్పిచ్చేవాడే లేడు. 307 అంటే రెండు వందలు, తొమ్మిది పదులు, పదిహేడు ఒకట్లు అని కూడా అనొచ్చు అని కట్టలు విప్పి చూపించాలి, అప్పుడు 139 దానంతటదే వస్తుంది. ఆ రోజు గంటన్నర ఒక్క తీసివేత మీదే గడిచింది, ఒక్కరూ లేచి వెళ్ళలేదు.

ఆ తర్వాత చదవడం మొదలుపెట్టాం. 1986లో లీ షుల్మన్ అనే అమెరికన్ ప్రొఫెసర్ ఒక మాట రాశారు, సబ్జెక్టు తెలియడం వేరు, పాఠం చెప్పే పద్ధతులు తెలియడం వేరు, ఈ రెండూ కలిసే చోట ఇంకో రకం తెలివిడి ఉంది, ఏ పాఠం పిల్లలకి ఎక్కడ అడ్డంపడుతుంది, ఏ ఉదాహరణతో విడుతుంది అనేది, టీచరుకి ప్రత్యేకంగా కావల్సింది అదీ అని. చదవగానే ఇదే కదా మనం వెతుకుతున్నది అనిపించింది. నిజానికి అనుభవం ఉన్న మాస్టార్లందరికీ ఎంతోకొంత తెలిసిన విషయమే ఇది, కాకపోతే దానికి ఒక పేరంటూ వచ్చాక దాన్ని కొలవొచ్చా అని వెతికేవాళ్ళు వచ్చారు.

కొలిచినవాళ్ళలో మిషిగన్ యూనివర్సిటీకి చెందిన హీథర్ హిల్, బ్రయన్ రోవన్, డెబోరా బాల్ చేసిన పని గురించి రెండు మీటింగులు మాట్లాడుకున్నాం. 2005లో వచ్చింది. అమెరికాలో 115 స్కూళ్ళలో ఒకటో తరగతి, మూడో తరగతి టీచర్లకి మామూలు లెక్కల పరీక్ష కాకుండా, పిల్లల వింత పద్ధతి ఒకటి చూపించి ఇది ఎప్పుడూ పనిచేస్తుందా, ఈ భిన్నానికి ఏ బొమ్మ సరిపోతుంది లాంటి ప్రశ్నలిచ్చారు. అందులో మంచి మార్కులొచ్చిన టీచర్ల క్లాసుల్లోని పిల్లలు ఆ ఏడాది లెక్కల్లో ఎక్కువ ముందుకెళ్ళారు. ఒకటో తరగతిలో కూడా ఆ తేడా కనిపించడం చూసి నాకు ఆశ్చర్యమేసింది, ఎందుకంటే ఒకటో తరగతి లెక్కలు ఎవరైనా చెప్పగలరు అనే మాట మనందరం ఎక్కడో ఒకచోట అన్నవాళ్ళమే.

జర్మనీ స్టడీ ఇంకా సూటిగా ఉంది. యుర్గెన్ బౌమెర్ట్ బృందం 2010లో అచ్చేసింది, 194 క్లాసులు, 4 వేలకి పైగా పిల్లలు, పదో తరగతి. వాళ్ళు టీచర్ల సబ్జెక్ట్ నాలెడ్జిని, ఆ సబ్జెక్టుని పిల్లలకి అందించే నాలెడ్జిని విడివిడిగా కొలిచారు. పిల్లల ప్రోగ్రెస్‌ని ఎక్కువ ప్రభావితం చేసింది రెండోది. అలాగని సబ్జెక్టు అక్కర్లేదు అనుకోకండి, సబ్జెక్టు బలంగా లేనివాళ్ళకి రెండోది కూడా పెద్దగా రాలేదు. ఆ అమ్మ ప్రశ్నకి జవాబు ఇక్కడ దొరికింది అని నా నమ్మకం. డిగ్రీ కావాలి, కానీ డిగ్రీ దగ్గరే ఆగిపోతే పాపకి భిన్నాలు ఎక్కవు.

ఇప్పుడు నా సంగతి. 1999లో లిపింగ్ మా అనే పరిశోధకురాలు చైనా, అమెరికా టీచర్లని పోల్చి రాసిన దాంట్లో ఒక ప్రశ్న ఉంది, ఒకటీ ముప్పావుని అరతో భాగించండి, దానికి సరిపోయే కథ ఒకటి చెప్పండి అని. 72 మంది చైనా టీచర్లూ లెక్క సరిగ్గా చేశారు, 23 మంది అమెరికా టీచర్లలో పూర్తిగా సరైన జవాబు చెప్పినవాళ్ళు 9 మందే. మరీ గమనించాల్సింది ఏంటంటే ఆ చైనా టీచర్లు చదివిన ఏళ్ళు అమెరికా వాళ్ళకంటే తక్కువ. మన మీటింగులో అదే ప్రశ్న చీటీల మీద ఇచ్చాం. జవాబు మూడున్నర అని అందరం రాశాం, తలకిందులు చేసి గుణించడం ఎవరికి రాదు? కథ దగ్గరికి వచ్చేసరికి, ఒకటీ ముప్పావు మీటర్ల రిబ్బన్ ఇద్దరికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎంత అని రాశాను నేను. అది రెండుతో భాగించడం, అరతో కాదు. అరమీటరు ముక్కలు ఎన్ని వస్తాయి అని రాయాలి, అప్పుడే మూడు ముక్కలూ ఇంకో సగం ముక్కా అని మూడున్నర కళ్ళకి కనపడుతుంది. ఇన్నేళ్ళు ఈ పాఠం చెప్పి నేను ఆ తేడా పిల్లలకి ఒక్కసారి కూడా చూపించలేదని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చీటీల మీద పేర్లు లేవు గానీ ఇలా రాసింది నేనొక్కదాన్నే కాదు అని లెక్కపెట్టినప్పుడు తెలిసింది.

ఏడాది మొత్తంలో నాకు బాగా నచ్చిన మీటింగు మాత్రం దశాంశాలది. చిన్న నుంచి పెద్దకి రాయండి అని పిల్లలకి ఏ సంఖ్యలు ఇవ్వాలి అనే దాని మీద జరిగింది. 0.37, 0.52, 0.84 ఇస్తే అందరికీ వస్తుంది, చుక్కని పట్టించుకోని పిల్లాడికి కూడా వస్తుంది, మనకేమో క్లాసంతా నేర్చేసుకున్నారు అనిపిస్తుంది. సరే అని ఒకరు 0.4, 0.37, 0.125 ఇద్దాం అన్నారు, 125 పెద్దది అనుకునేవాళ్ళు దొరుకుతారు. అప్పుడు ఇంకో టీచరమ్మ లేచి, అంకెలు తక్కువుంటే పెద్ద సంఖ్య అనుకునే పిల్లలు కూడా ఉంటారండీ, పదో వంతు వందో వంతు కంటే పెద్దది కదా అని అలా అనుకుంటారు, వాళ్ళు ఇందులో దొరకరు, తప్పుగా ఆలోచించి కరెక్టుగా రాసేస్తారు అన్నారు. నిజమే. అందరం కలిసి కిందామీదా పడి చివరికి 0.4, 0.52, 0.375 దగ్గరికి వచ్చాం. తెలిసిన పిల్లలు 0.375, 0.4, 0.52 అని రాస్తారు, చుక్క పట్టించుకోనివాళ్ళు 0.4, 0.52, 0.375 అంటారు, పొట్టిదే పెద్దది అనేవాళ్ళు 0.375, 0.52, 0.4 అంటారు. మూడు రకాల ఆలోచనకి మూడు వేరే జవాబులు, పేపరు చూడగానే ఎవరికి ఏం చెప్పాలో తెలిసిపోతుంది. నాకు తెలిసి టీచరుకి కావల్సిన నాలెడ్జ్ అంటే ఇదే, మూడు సంఖ్యలు ఎంచుకోవడంలో ఉంది మొత్తం.

తల్లిదండ్రులతో రెండుసార్లు కూర్చున్నాం, ఒకటి బాగా జరిగింది. 8 + 4 = □ + 5 అని బోర్డు మీద రాసి పెట్టెలో ఏముంటుంది అని అడిగితే కొందరు పెద్దవాళ్ళే 12 అన్నారు. జవాబు 7. అమెరికాలో 1999లో వచ్చిన ఒక స్టడీలో 145 మంది ఆరో తరగతి పిల్లల్లో ఒక్కరు కూడా 7 రాయలేదు, సమానం గుర్తు అంటే జవాబు ఇక్కడ రాయి అని అర్థం చేసుకున్నారు. అందుకే ఇంట్లో కూడా అప్పుడప్పుడు 7 = 3 + 4 అని తిప్పి రాయండి అని చెప్పాం. రెండో మీటింగుకి చాలా తక్కువమంది వచ్చారు, టైము మాది తప్పు, సాయంత్రం మరీ తొందరగా పెట్టాం.

బయట ట్రైనింగులకి కూడా మనవాళ్ళు వెళ్ళొచ్చారు. ఒకదానికి నేనూ వెళ్ళాను, రెండు రోజుల్లో రిపోర్టు ఎలా నింపాలి, యాప్ ఎలా వాడాలి అని చెప్పారు, ఒక్క లెక్క కూడా బోర్డు మీదకి రాలేదు. టీచర్లకి రావట్లేదు అనడం తేలికే, నేర్చుకోడానికి చోటు ఎక్కడిచ్చారు అనేది కూడా అడగాలి, ఈ విషయం మన సంఘం తరఫున లెటర్‌లో రాశాం. అలాగే టీచర్ నాలెడ్జ్ ఒక్కటే అన్నీ మార్చేస్తుందని ఎవరూ అనుకోవద్దు, ఇంటి పరిస్థితి, క్లాసులో ఎంతమంది ఉన్నారు, ఎన్ని పీరియడ్లు దొరుకుతున్నాయి అన్నీ ఉంటాయి. కానీ వాటిల్లో మనం కూర్చుని మార్చుకోగలిగింది ఇదొక్కటే.

జమాఖర్చులు విడిగా పంపాం, కోశాధికారి సంతకం చేసినవి, డౌట్లుంటే అడగండి. కమిటీలో మార్పులేమీ లేవు.

వచ్చే ఏడాది మొదటి మీటింగుకి మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకవుతుంది అనేది తీసుకుంటున్నాం. రూలు అలాగే ఉంది అనకుండా ఏడో తరగతి పిల్లకి ఎలా చెప్తారో ఒక పేజీలో రాసుకుని రండి. దాంతోపాటు మీ క్లాసులోంచి తప్పు సమాధానం ఒకటి, పిల్లల పేరు మడిచేసి.