బండ మీది ఇళ్లలో రేడాన్ కొలవండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను హన్మకొండ, కాజీపేట వైపు ఇళ్లు కట్టించే కాంట్రాక్టర్‌ను. ఇక్కడ చాలాచోట్ల పునాది కాస్త లోతుకు తవ్వగానే గ్రానైట్ బండ తగులుతుంది. పద్మాక్షి గుట్ట, ఖిల్లాలోని ఏకశిల కూడా ఆ గ్రానైటే. గ్రానైట్‌లో సహజంగానే కొద్దిగా యురేనియం ఉంటుంది. అది క్షీణిస్తూ రేడియం, దాన్నుంచి రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు పుడతాయి. దానికి రంగు, వాసన లేవు. ఫ్లోరింగ్ పగుళ్లలోంచి, బాత్రూం పైపుల చుట్టూ ఉండే సందుల్లోంచి ఇంట్లోకి వస్తుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. సిగరెట్ ముట్టని వాళ్లలో ఈ క్యాన్సర్‌కు మొదటి కారణం రేడానే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పొగ తాగేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ.

మా అమ్మాయి వాళ్లు పెన్సిల్వేనియాలో ఇల్లు కొనేటప్పుడు ఈ టెస్ట్ చేయించారు. రీడింగ్ ఎక్కువ రావడంతో నేల కింది నుంచి పైకప్పు దాకా పైపు వేసి, గాలిని బయటికి లాగే ఫ్యాన్ పెట్టించారు. అక్కడ లీటరుకు 4 పికోక్యూరీలు, అంటే ఘనపు మీటరుకు 148 బెకెరెల్స్ (రెండూ రేడియోధార్మికతను కొలిచే ప్రమాణాలే) దాటితే సరిచేయమంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో 100 బెకెరెల్స్ లోపే ఉంచమంది, వీలుకాని చోట కూడా 300 దాటకూడదంది.

మన ఇళ్లలో ఎంత ఉందో కొలిస్తేనే తెలుస్తుంది. బండ ఉన్న ప్రతి ఇంట్లో ఎక్కువ ఉంటుందని కాదు. గాలి బాగా ఆడితే తగ్గిపోతుంది. వంటింటి గ్రానైట్ గట్టు చూసి కొందరు భయపడుతున్నారు, దాన్నుంచి వచ్చేది సాధారణంగా చాలా తక్కువ. అసలు చూడాల్సింది కింది నేలనే. పాత ఇళ్లకు వెంటిలేటర్లుండేవి, పగలంతా తలుపులు తెరిచే ఉంచేవారు. ఇప్పుడు ఏసీ కోసం అన్నీ బిగించేస్తున్నాం.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అపార్ట్‌మెంట్ సెల్లార్లలోని వాచ్‌మన్ గదులు. కరెంటు మీటర్ల పక్కన, కిటికీ లేని గదిలో భార్యాపిల్లలతో పడుకుంటారు. నేలకు అందరికంటే దగ్గర వాళ్లే, గాలి తక్కువ దొరికేదీ వాళ్లకే. టెస్టింగ్ అక్కడి నుంచే మొదలుపెట్టాలి. తర్వాత గ్రౌండ్ ఫ్లోర్ బెడ్‌రూములు, అంగన్‌వాడీ గదులు చూడాలి.

దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఫిల్మ్ ముక్క పెట్టి మూడు నెలలు గదిలో ఉంచుతారు. తర్వాత ల్యాబ్‌లో దాని మీద రేడాన్ నుంచి వెలువడే ఆల్ఫా కణాలు చేసిన గుర్తులు లెక్కపెడితే సగటు వస్తుంది. ఎన్‌ఐటీ, కాకతీయ యూనివర్సిటీ ఫిజిక్స్ విభాగాలతో కలిసి కార్పొరేషన్ ఈ పని తలపెట్టాలని కోరుతున్నాను.

కొత్త ఇళ్లకైతే ముందే జాగ్రత్త పడవచ్చు. ఫ్లోరింగ్ కాంక్రీటు వేసేముందు కింద కంకర పరిచి, అందులోంచి ఒక పీవీసీ పైపు డాబా పైకి తీయాలి, పగుళ్లు, సందులు మూసేయాలి. ఇల్లు కట్టే ఖర్చులో ఇది చాలా చిన్న మొత్తం. ప్లాన్ పర్మిషన్ ఇచ్చేటప్పుడే దీన్ని చెబితే మేస్త్రీలకూ అలవాటవుతుంది.

డబ్బాలు ఇస్తే, నేను కట్టించిన ఇళ్ల యజమానులను అడిగి, ఒప్పుకున్న గదుల్లో పెట్టించే పూచీ నాది. చలికాలం తలుపులు మూసి ఉంచుతాం కాబట్టి రీడింగ్ ఎక్కువ వచ్చేది అప్పుడే. కార్తీకంలో పెడితే శివరాత్రి నాటికి లెక్క చేతికొస్తుంది.

- ఒక ఇళ్ల కాంట్రాక్టర్, హన్మకొండ